మెడలో కృత్రిమ డిస్క్: అపోహలు – వాస్తవాలు

అపోహ: మెడ వెన్నుపూసల మధ్య ఉండే మెత్త (డిస్క్) పాడైతే దాన్ని తీసి కదిలే కృత్రిమ డిస్కును అమర్చారు కనుక మెడ ఆ చోట ఎప్పటికీ కదులుతూనే ఉంటుంది.

వాస్తవం: నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఈ నమ్మకంతోనే వస్తారు. అయితే కొందరిలో డిస్క్ చుట్టూ, ఉండకూడని చోట కొత్త ఎముక ఏళ్ల తరబడి మెల్లగా పెరిగి, పై వెన్నుపూసను కింది వెన్నుపూసతో కలిపేస్తుంది. దీన్ని 0 నుంచి 4 వరకు దశలుగా లెక్కిస్తాం. 4వ దశకు చేరితే అక్కడ కదలిక ఆగిపోయినట్టే. తల ముందుకు వంచినప్పుడు ఒకటి, వెనక్కి వాల్చినప్పుడు ఒకటి ఎక్స్‌రే తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, డిస్క్ పై పలకకూ కింది పలకకూ మధ్య కోణం రెండింటిలోనూ ఒకేలా కనిపిస్తుంది. ఆ ఎక్స్‌రేలు చూపించేదాకా చాలామందికి ఆ సంగతే తెలియదు. మిగతా వెన్నుపూసలు కదులుతుంటాయి కనుక తల తిప్పడంలో తేడా పెద్దగా కనబడదు. అందువల్ల ఎముక పెరిగిందన్న ఒక్క కారణంతో మళ్లీ ఆపరేషన్ చేయం. అది నరాన్ని నొక్కుతోందా, చెయ్యి లాగడం, తిమ్మిరి వంటివి తిరిగి మొదలయ్యాయా అన్నది చూసి నిర్ణయిస్తాం.

అపోహ: ఆపరేషన్ తర్వాత మింగడం కష్టమైతే పొరపాటు జరిగినట్టే.

వాస్తవం: మెడ ముందువైపు నుంచి డిస్కును చేరుకోవాలంటే అన్నవాహికను, శ్వాసనాళాన్ని ఒక పక్కకు జరిపి పట్టుకోక తప్పదు. అందుకే ముద్ద గొంతులో అడ్డుపడుతున్నట్టు అనిపిస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుతుంది. గొంతు బొంగురుపోవడమూ ఎక్కువగా తాత్కాలికమే. కానీ తొలి గంటల్లో మెడ ఉబ్బి బిగుసుకుపోతూ ఊపిరి అందకపోతే, లోపల చేరిన రక్తం శ్వాసనాళాన్ని నొక్కుతోందని అనుమానించి క్షణం ఆలస్యం చేయకుండా సిబ్బందిని పిలవాలి. అలాంటప్పుడు ఒక్కోసారి మంచం మీదే కుట్లు విప్పవలసి వస్తుంది.

అపోహ: డిస్క్ వెన్నుపూస ఎముకలోకి కూరుకుపోయిందంటే అది నాసిరకం.

వాస్తవం: ఎముక గుల్లబారి ఉన్నా, కొలత సరిపోకపోయినా, డిస్క్ ఆనే వెన్నుపూస గట్టి పొరను అతిగా చెక్కినా మంచి డిస్కే లోపలికి దిగుతుంది. వెనుకనున్న చిన్న కీళ్లు బాగా అరిగిపోయినవారికి డిస్క్ మార్చినా మెడనొప్పి మిగిలిపోవచ్చు. ఎముక గుల్లబారినవారికీ, ఈ కీళ్లు అరిగినవారికీ ఫ్యూజన్ (రెండు వెన్నుపూసలను కదలకుండా కలిపేయడం) మేలని చెబితే చిన్నబుచ్చుకుంటారు గానీ, నేను మాత్రం ఆ మాట ముందే చెప్పేస్తాను.

అపోహ: చెడిపోతే ఇంకొకటి వేయించుకోవచ్చు.

వాస్తవం: రెండోసారి వెళ్లేటప్పుడు పాత గాయపు మచ్చ కణజాలంలో అన్నవాహిక అతుక్కుని ఉంటుంది, దాన్ని విడదీయడంలోనే ప్రమాదం ఎక్కువ. డిస్కును తీసేశాక సాధారణంగా ఆ చోట వేసేది మరో డిస్క్ కాదు, ఫ్యూజనే.