టీనేజ్ పిల్లలతో నెలల తరబడి బ్యాక్‌ప్యాకింగ్: అపోహలు - వాస్తవాలు

కుటుంబాలకు సుదీర్ఘ ప్రయాణాలు ప్లాన్ చేసి పెట్టడం నా పని. చిన్నపిల్లలున్నవాళ్లు వందసార్లు ఆలోచించుకుని వస్తారు. టీనేజ్ పిల్లల తల్లిదండ్రులు మాత్రం ధీమాగా వస్తారు. "వాడు నాకంటే పొడుగయ్యాడండీ, వాడితో ఇబ్బందేముంది?" అంటారు. నేను రోజూ వినే అపోహల్లో చాలావరకు ఆ ధీమాలోంచి పుట్టినవే.

అపోహ: పెద్దవాళ్లంత ఎదిగారు కాబట్టి పెద్దవాళ్లంత బరువూ మోస్తారు.

ఎత్తు చూసి మోసపోకండి. ఎముకల చివర్లలో, ఎముక పెరిగే మెత్తటి భాగాలైన గ్రోత్ ప్లేట్లు ఈ వయసులో ఇంకా గట్టిపడవు. నడక అలవాటున్న పెద్దవాళ్లు తమ బరువులో ఐదో వంతు దాకా మోయొచ్చని అంటారు. పిల్లలకు మాత్రం 10 నుంచి 15 శాతం దాటనివ్వను. అంటే 50 కిలోల అమ్మాయి బ్యాగు, నీళ్లతో కలిపి, 5 నుంచి ఏడున్నర కిలోల మధ్య ఉండాలి. నీళ్లు లీటరుకు కిలో తూగుతాయని చాలామంది లెక్కలోకే తీసుకోరు.

బ్యాగు కొనేటప్పుడు పిల్లల ఎత్తుతో పనిలేదు, వీపు పొడవు కొలవాలి. తల ముందుకు వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక దగ్గర మొదలుపెట్టి, తుంటి ఎముకల పై అంచుకు సమానంగా నడుము దాకా టేపు పెట్టండి. ఆ కొలతకు సరిపడే బ్యాగులో బరువు పెట్టి తగిలించి, ముందు తుంటి బెల్టు బిగించాలి. భుజాల పట్టీలు ఆ తర్వాతే లాగాలి. భుజాల మీద ఎర్రగా గీతలు పడుతున్నాయంటే బెల్టు తన పని చేయడం లేదన్నమాట.

బూట్లు ఆఫర్లో ఉన్నాయని ఆరు నెలల ముందే కొనేయకండి, పాదాలు ఆగవు. బయల్దేరడానికి ఐదారు వారాల ముందు, సాయంత్రం పూట, నడకకు వాడే మేజోళ్లతోనే వేసి చూడాలి. దిగుడు బాటలో బొటనవేలు ముందుకు కొట్టుకోకుండా కాస్త ఖాళీ ఉండాలి.

అపోహ: కుర్రవాళ్లు కదా, ఎత్తైన ప్రదేశాలు వాళ్లనేం చేయవు.

ఎత్తైన చోట ఆక్సిజన్ తగ్గి వచ్చే జబ్బుకు వయసుతోగానీ, ఫిట్‌నెస్‌తోగానీ పనిలేదు. 3000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటికంటే 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు అక్కడే ఆగాలి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో సుమారు 3440 మీటర్ల ఎత్తున ఉన్న నామ్చే బజార్‌లో అందరూ ఒక రోజు అదనంగా ఉండేది ఇందుకే.

పిల్లల విషయంలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటుంది. తనవల్ల అందరూ ఆగిపోవాల్సి వస్తుందని తలనొప్పిని బయటకు చెప్పరు. అందుకే "బాగానే ఉన్నావా?" అని అడిగి ఊరుకోవద్దు. రాత్రి ఎంత తిన్నారు, నిద్ర పట్టిందా, వాంతి వచ్చేలా ఉందా అని విడివిడిగా అడగండి. తలనొప్పితోపాటు వికారం ఉంటే ఆ రోజు పైకి వెళ్లొద్దు. నడక తూలినా, మాట తికమకగా ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా కిందికి దింపేయాలి.

అపోహ: పొద్దున లేవకపోవడం బద్ధకం.

ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పైగా 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. వరసగా రోజూ ఐదింటి బస్సులు పెట్టుకుని, పిల్లాడు చిరాకుపడుతున్నాడని బాధపడితే తప్పు ప్లాన్‌దే. సూర్యోదయం చూసే రోజులు వారానికి ఒకటి చాలు.

అపోహ: పాస్‌పోర్టు, వీసా ఉంటే కాగితాల పని అయిపోయినట్టే.

తల్లిదండ్రుల్లో ఒక్కరే తీసుకెళ్తుంటే, రెండోవారి అంగీకార పత్రం నోటరీ చేయించి దగ్గర పెట్టుకోవాలి. ఇంటిపేర్లు వేరైతే జనన ధ్రువపత్రం నకలు కూడా. సరిహద్దులో అడగకపోవచ్చు, అడిగినప్పుడు లేకపోతే మాత్రం ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. పిల్లల పాస్‌పోర్టు గడువు చాలా దేశాల్లో పెద్దవాళ్లదానికంటే తక్కువ. మరోపక్క ఎన్నో దేశాలు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపాలోని షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చన్న నిబంధనకు వయసు మినహాయింపు లేదు.

కొన్ని దేశాలు అడిగే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ చెల్లదు. 2016 నుంచి అది జీవితకాలం చెల్లుతుంది. దూరప్రాంతాలకు వెళ్తుంటే రేబిస్ టీకా ముందుగా వేయించే విషయం డాక్టర్‌తో మాట్లాడండి. కుక్క కరిస్తే తర్వాత మళ్లీ డోసులు పడాల్సిందే, కానీ ముందు టీకా లేనివాళ్లకు కాటు తర్వాత ఇచ్చే, చాలాచోట్ల దొరకని ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కోసం పరుగెత్తే టెన్షన్ తప్పుతుంది. ఇన్సూరెన్స్‌లో ట్రెక్కింగ్‌కు ఎత్తు పరిమితి ఎంతో చదవండి. 18 ఏళ్లలోపువారిని డార్మిటరీల్లో ఉంచని టూరిస్టు హాస్టళ్లు చాలా ఉన్నాయి, బుక్ చేసే ముందే అడగాలి.

అపోహ: ఎక్కడికెళ్దామని అడిగాం కదా, పిల్లల్ని ప్లాన్‌లో కలుపుకున్నట్టే.

దీని గురించే నేను ఎక్కువసేపు మాట్లాడతాను. అడగడం వేరు, అప్పగించడం వేరు. రూటులో ఒక భాగాన్ని, దానికి కేటాయించిన డబ్బుతో సహా, పూర్తిగా వాళ్ల చేతికివ్వండి. బస, బస్సు, తిండి అన్నీ వాళ్లవే. భద్రతకు సంబంధించింది తప్ప మరేదీ మీరు మార్చకూడదు.

ఒక తండ్రి నా ముందే పధ్నాలుగేళ్ల కూతురు వేసిన ప్లాన్ చూసి, "మధ్యాహ్నం బస్సెందుకు, పొద్దున్నే ఉందిగా" అంటూ పెన్ను తీశాడు. ఆ అమ్మాయి కాగితం వెనక్కి లాక్కుని, పొద్దుటి బస్సెక్కితే గది తాళం ఇచ్చేదాకా సామానుతో నాలుగు గంటలు రోడ్డు మీదే ఉండాలని చూపించింది. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి మాట్లాడిన తీరే మారిపోయింది.

రోజంతా అమ్మానాన్నల మధ్యే ఉండటం ఈ వయసుకు నిజంగా కష్టం. రోజులో ఒక గంట ఎవరి దారి వారిదిగా ఉండనివ్వండి. ఎక్కడిదాకా వెళ్లొచ్చు, ఎన్నింటికి ఎక్కడ కలవాలి, తప్పిపోతే ఎక్కడ నిలబడాలి అన్నవి ముందే తేల్చుకోండి. ఫోన్ లాక్కుంటేనే ప్రయాణం ఆస్వాదిస్తారనేది కూడా అపోహే. స్నేహితులతో మాట్లాడుకోవడానికి ఒక సమయం ఇవ్వండి. ఆఫ్‌లైన్ మ్యాపులు దింపి దారి చూపే బాధ్యత పెట్టండి.

అపోహ: అన్నీ బుక్ చేసేశాం, ఇక బయల్దేరడమే.

టికెట్లు కొనకముందే నిండు బ్యాగులతో మూడు రోజులు ఎక్కడికైనా నడిచి రండి. వీలైతే ఒక రోజు వానలో. ఇంటికొచ్చాక బ్యాగులు నేల మీద బోర్లించి, వాడనివన్నీ పక్కకు తీయండి. వానకోటు, మందుల సంచీ మాత్రం వాడకపోయినా తిరిగి బ్యాగులోనే పెట్టాలి. తర్వాత రోజుకు ఎన్ని గంటలు నడవగలమో పిల్లల్ని చెప్పమనండి. రూటు ఆ అంకె మీద వేసుకోండి.