నొప్పి లేకపోతే ప్రమాదం లేనట్టేనా? మెకానిక్ షెడ్డులో రోజూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

బండి పని నేర్చుకుందామని వచ్చిన పిల్లల చేతికి మొదటి వారం నేను స్పానర్ ఇవ్వను. షెడ్డంతా తిప్పి చూపిస్తాను. ఏ డబ్బాలో ఏముంది, ఏది ఎక్కడ పోయకూడదు, మంట లేస్తే మంటలార్పే సిలిండర్లలో ఏది తియ్యాలి, కంట్లో యాసిడ్ పడితే కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడున్నాయి, ఆ వారం పాఠాలు ఇవే. ఇంజిన్ విప్పాలని ఆత్రంగా వచ్చినవాళ్లకు ఇదంతా చాదస్తంలా ఉంటుందని తెలుసు, అయినా మానను. సుత్తి దెబ్బ, స్పానర్ జారి తగిలే దెబ్బ వెంటనే నొప్పి పెడతాయి కాబట్టి వాటితో ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. మనిషిని నిజంగా తినేసేవి మాత్రం ఆ నిమిషానికి నొప్పి పెట్టవు, కొన్నిటికి వాసన ఉండదు, కొన్ని కంటికే కనపడవు. "ఇన్నాళ్లుగా ఇలాగే చేస్తున్నాం, మాకేమైంది?" అనే మాట పుట్టేది అక్కడే.

నేర్చుకునేవాళ్లూ షెడ్డు నడిపేవాళ్లూ నాతో ఎక్కువగా అనే మాటలు కొన్ని తీసుకుని ఒక్కోదానికీ జవాబు రాస్తున్నాను.

అపోహ: "వేలికి కొంచెం గుచ్చుకుంది, అంతే."

అన్నిటికన్నా ముందు ఇదే చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రతి గంటా లెక్కే. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్లకు వెళ్లే పైపులో ప్రెషర్ 2,000 బార్ దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేది సుమారు 2 బార్. అంటే వెయ్యి రెట్లు. అలాంటి పైపుకు వెంట్రుకవాసి పగులు వచ్చిందంటే డీజిల్ కారదు, సన్నటి ఆవిరిలా చిమ్ముతుంది, చాలాసార్లు కనపడదు కూడా. లీకు ఎక్కడుందో చూద్దామని వేలితో తడిమితే సూదిలా చర్మంలోకి దూరిపోతుంది.

నా దగ్గర నేర్చుకుంటున్న ఒక కుర్రాడికి ఇదే జరిగింది. చూపుడు వేలి కొసన ఆవగింజంత ఎర్ర చుక్క, రక్తం కూడా రాలేదు. వేలు ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ పనిలో పడ్డాడు. రెండు గంటల తర్వాత నీళ్ల గ్లాసు ఎడమ చేత్తో ఎత్తుతుంటే నాకు అనుమానం వచ్చింది. "ఏంట్రా?" అంటే "ఏం లేదు సార్, కొంచెం బిగుసుకుపోయినట్టుంది" అన్నాడు. చూస్తే వేలు పాలిపోయి, రెండో కణుపు దాకా ఉబ్బి, చెక్కలా గట్టిపడి ఉంది. ఆసుపత్రిలో మొదట కట్టు కట్టి పంపించబోయారు. "డీజిల్, హై ప్రెషర్‌తో లోపలికి వెళ్లింది" అని నేను మళ్లీ మళ్లీ చెబితే అప్పుడు సర్జన్‌ని పిలిచారు. వేలు పొడవునా తెరిచి కడిగారు. వేలు దక్కింది, కానీ ఇప్పటికీ పూర్తిగా ముడవలేడు.

లోపలికి వెళ్లిన డీజిల్ గానీ గ్రీజు గానీ గుచ్చుకున్న చోటే ఆగదు. నరాలూ స్నాయువుల వెంట పాకి కండను చంపుతుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. గ్రీజు గన్, హైడ్రాలిక్ గొట్టం, ఎయిర్‌లెస్ పెయింట్ గన్, అన్నిటితోనూ ఇదే ముప్పు. లీకు వెతకడానికి అట్టముక్క వాడండి, చెయ్యి కాదు. పైపు విప్పే ముందు ఇంజిన్ ఆపి, కంపెనీ మాన్యువల్ చెప్పినంతసేపు ప్రెషర్ దిగనివ్వండి. గుచ్చుకుంటే నొప్పి ఉందా లేదా అని చూడకుండా వెంటనే బయలుదేరండి, ఏ ద్రవమో చెప్పడానికి ఆ డబ్బా లేబుల్ ఫోటో తీసుకెళ్లండి.

అపోహ: "డ్రమ్ములో దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదేస్తే శుభ్రమైపోతుంది."

శుభ్రమయ్యేది డ్రమ్మే. దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. బ్రేక్ షూలు, ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లలో దశాబ్దాల పాటు ఆస్బెస్టాస్ అనే, వేడిని తట్టుకునే రాతినార వాడారు. చాలా దేశాలు నిషేధించాయి గానీ పాత బండ్లలోనూ ఎక్కడెక్కడి నుంచో వచ్చే చవక స్పేర్లలోనూ అది ఇంకా దొరుకుతూనే ఉంది. దుమ్ముని చూసి ఇందులో ఆస్బెస్టాస్ ఉందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు, నాకూ చేతకాదు. దాని పోగులు కంటికి ఆననంత సన్నం, ఒకసారి లేస్తే గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటాయి. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇరవై ఏళ్ల వయసులో పీల్చింది యాభైలో పట్టుకుంటుంది. అందుకే "మాకేమైంది" అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

నా పద్ధతి ఒకటే, ప్రతి బ్రేక్ దుమ్మునీ ఆస్బెస్టాస్ అనే అనుకోవడం. సబ్బు నీళ్లు మెల్లగా చిలకరించి దుమ్ము తడిశాక గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని తడిగానే సంచిలో కట్టేయాలి. వాక్యూమ్ వాడితే అతి సన్నటి దుమ్మునీ పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదే వాడాలి, మామూలు వాక్యూమ్ ఆ పోగుల్ని ఒకవైపు లాగి ఇంకోవైపు ఊదుతుంది. ఇంకో మాట, ఇది చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది: ఆ బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోకండి. షెడ్డులోనే మార్చుకోండి.

అపోహ: "షట్టర్ తీసే ఉంది కదా, ఇంజిన్ నడిస్తే ఏం?"

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, అందుకే ఊపిరి ఆడుతున్నా ఒంటికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తే ఆకలనో నిద్ర చాలలేదనో అనుకుంటాం. మాస్కు దీన్ని ఆపదు. తలుపు తీసి ఉన్నా గాలి కదలని మూల ఉంటుంది, మనం వంగి పని చేసేది సరిగ్గా సైలెన్సర్ దగ్గరే. సైలెన్సర్‌కు గొట్టం తగిలించి పొగని బయటికి పంపాలి. డీజిల్ పొగ సంగతి వేరే చెప్పాలా? అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది.

అపోహ: "గ్రీజు వదలాలంటే పెట్రోలే."

వదులుతుంది, నిజమే. గ్రీజుతో పాటు చర్మంలో ఉండే సహజమైన జిడ్డునీ తీసేస్తుంది, అందులోని బెంజీన్ చర్మం గుండా లోపలికి పోతుంది. బెంజీన్‌తో రక్త క్యాన్సర్ వస్తుంది. పైగా సుమారు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు మంట అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకి సర్వీస్ గుంతలోకి దిగి కూర్చుంటుంది. గుంతలో ఒక హ్యాండ్ ల్యాంప్ బల్బు పగిలితే చాలు.

స్ప్రే డబ్బాలూ అంతే. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1999, 2000 ప్రాంతంలో కొందరు మెకానిక్‌లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి బలం తగ్గిపోయింది. వాళ్లు రోజూ వాడిన బ్రేక్ క్లీనర్‌లోని హెక్సేన్ అనే రసాయనం నరాల్ని దెబ్బతీసిందని తేలింది. నైట్రైల్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) గ్లౌజులు వేసుకోండి, చిరిగినా తడిసినా మార్చండి. నూలు గ్లౌజులు ఆయిల్ పీల్చుకుని రోజంతా చేతికి పట్టు వేసినట్టు ఉంచుతాయి, దానికన్నా ఒట్టి చేతులే నయం. ఒక్క మినహాయింపు: డ్రిల్లు, తిరిగే షాఫ్టు దగ్గర ఏ గ్లౌజూ వద్దు, లాక్కుపోతుంది.

అపోహ: "క్లీనర్ ఆరిపోయింది, వెల్డింగ్ పెట్టెయ్."

పర్‌క్లోరోఎథిలీన్ లాంటి క్లోరిన్ ఉన్న క్లీనర్ కొట్టిన ఇనుముకు వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే. పైకి ఆరినట్టున్నా సందుల్లో, గాడుల్లో చుక్క మిగిలి ఉంటుంది. దీని గురించి నాకున్న భయం ఏమిటంటే, పీల్చినవాడు కాస్త దగ్గి, బాగానే ఉన్నాననుకుని ఇంటికెళ్తాడు, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడో ఎల్లుండో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. డబ్బా మీద "క్లోరో", "క్లోరైడ్" అన్న పేరు కనిపిస్తే వెల్డింగ్ చేసే చోటు దరిదాపులకు కూడా రానివ్వకండి.

అపోహ: "జాకీ ఉంది, రెండు నిమిషాల పనే."

జాకీ లేపడానికి, స్టాండు మోయడానికి. స్టాండు లేకుండా కిందికి దూరకూడదు. రెండు నిమిషాలైనా, అర నిమిషమైనా. జాకీ లోపల రబ్బరు సీలు తెగేముందు ఎవరికీ చెప్పదు.

అపోహ: "పెయింటుకు మూతికి గుడ్డ కట్టుకుంటే సరిపోతుంది."

హార్డెనర్ (పెయింటు గట్టిపడటానికి కలిపేది) కలిపే పెయింట్లలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత ఏ కాస్త తగిలినా ఆస్తమా వస్తుంది, పెయింటింగ్ పనే వదులుకోవాలి. వాసన తెలిసేసరికే మోతాదు మించిపోయి ఉంటుంది. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కూ, పెయింటింగ్‌కని విడిగా కట్టిన సరైన గదీ (స్ప్రే బూత్) కావాలి. ఇవి లేని షెడ్డు ఆ పని ఒప్పుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: "ఓ లీటరు వేస్ట్ ఆయిల్ పారబోస్తే భూమి మునిగిపోతుందా?"

వాడిన ఇంజిన్ ఆయిల్ 1 లీటరు 10 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదు. ఇంజిన్‌లో అరిగిన లోహాల పొడీ క్యాన్సర్ కారకాలూ అందులో కలిసి ఉంటాయి. విచారమేమిటంటే ఆ ఆయిల్‌ని పారబోయాల్సిన పనే లేదు. ఆయిల్ మురికవుతుంది, అందులో కలిపిన రసాయనాలు (యాడిటివ్‌లు) అయిపోతాయి, అంతేగానీ అసలు నూనె చచ్చిపోదు. శుద్ధి చేసి మళ్లీ లూబ్రికెంట్‌గా వాడొచ్చు. కాకపోతే అందులో బ్రేక్ క్లీనర్, కూలెంట్, పెట్రోలు కలిపితే ఆ డ్రమ్ము మొత్తం శుద్ధికి పనికిరాకుండా పోతుంది. నేను చూసిన షెడ్లలో ఎక్కువ తప్పు ఇక్కడే జరుగుతోంది: డ్రమ్ము ఒకటే, పోసేవాళ్లు పదిమంది, మీద రాత లేదు. ఆయిల్‌కొకటి, కూలెంట్‌కొకటి, సాల్వెంట్‌కొకటి విడిగా పెట్టి, మూతల మీద పెద్ద అక్షరాలతో రాయండి. పాత ఫిల్టర్‌ని వేడిగా ఉన్నప్పుడే గుచ్చి రాత్రంతా బోర్లించి వదిలేస్తే ఇంకా ఎంత ఆయిల్ దిగుతుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇంకో పొరపాటు మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. కాలువకి ఆయిల్ సెపరేటర్ (నీళ్ల నుంచి నూనెని వేరు చేసే తొట్టి) పెట్టించుకున్న షెడ్డువాళ్లు కూడా నేల మీద సబ్బుపొడి చల్లి రుద్ది కడుగుతారు. సెపరేటర్ పని చేసేది నూనె నీటి మీద తేలుతుంది కాబట్టి. సబ్బు ఆ నూనెని సన్నటి బిందువులుగా విడగొట్టి నీళ్లలో కలిపేస్తుంది. ఇక తేలేదేముంది, అంతా కాలువలోకే పోతుంది. ఆయిల్ ఒలికిన వెంటనే రంపపు పొట్టో పీల్చుకునే గుడ్డో వేసి ఎత్తేయాలి. ఎత్తిన పొట్టు కూడా ఇక ఆయిల్ చెత్తే, మామూలు చెత్త కాదు.

అపోహ: "ఏసీ గ్యాస్ ఓజోన్‌కి హాని చెయ్యదుగా, వదిలేద్దాం."

చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్-134ఏ గ్యాస్ ఓజోన్ పొరను దెబ్బతీయదు, అది నిజం. కానీ వేడిని పట్టి ఉంచడంలో ఒక కిలో ఆర్-134ఏ 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఒక కారులో అరకిలో ఉందనుకుందాం, వాల్వ్ నొక్కి వదిలేస్తే 715 కిలోలు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోలు వస్తాయి కాబట్టి ఇది 300 లీటర్లకు పైగా పెట్రోలు తగలబెట్టినట్టు. ఒక్క "ఫుస్" శబ్దంతో. గ్యాస్‌ని బయటికి వదలకుండా తీసి నిల్వ చేసే రికవరీ మెషిన్ కొనే స్తోమత లేకపోతే ఉన్న షెడ్డుకు బండి పంపండి.

అపోహ: "ఎలక్ట్రిక్ బండిలో పెట్రోల్ లేదు, పొగ లేదు, భయమేముంది?"

నారింజ రంగు కేబుల్ కనిపిస్తే చెయ్యి వెనక్కి తీయండి. అందులో 400 వోల్టులు, కొన్నిట్లో 800. తాళం తీసేసినా కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉంటుంది. సర్వీస్ డిస్‌కనెక్ట్ (పెద్ద బ్యాటరీని విడదీసే ప్లగ్గు) తీసి, కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగి, మీటర్‌తో వోల్టేజీ లేదని చూసుకున్నాకే పని. 1,000 వోల్టుల రేటింగ్ ఉన్న రబ్బరు గ్లౌజులు కావాలి, వాటిని కూడా వేసుకునే ముందు మణికట్టు వైపు నుంచి చుట్టి గాలి నింపి చిల్లుందేమో చూడాలి. ఈ శిక్షణ లేనివాళ్లకు ఆ బండి ఇవ్వకండి, ఎంత చురుకైన కుర్రాడైనా సరే.

అపోహ: "మా షెడ్డులో ఏ బాటిల్లో ఏముందో మా అందరికీ తెలుసు."

పాత నీళ్ల బాటిల్లో మిగిలిన కూలెంట్ పోసి అరలో పెడతారు. ఇథిలిన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్ రుచికి తియ్యగా ఉంటుంది, సుమారు 100 మిల్లీలీటర్లు తాగితే పెద్దమనిషి ప్రాణం కూడా పోవచ్చు. నేల మీద ఒలికితే కుక్కలు నాకుతాయి, పిల్లులు నాకుతాయి. నిన్న చేరిన కుర్రాడికి, పనికి తోడొచ్చిన తమ్ముడికి ఏ బాటిల్లో ఏముందో తెలియదు. దాహం వేస్తే కనిపించిన బాటిల్ ఎత్తుతారు. ఈ సాయంత్రం షట్టర్ దించేముందు అరలన్నీ ఒకసారి చూడండి, తాగే నీళ్ల బాటిళ్లలో పోసినవన్నీ అసలు డబ్బాల్లోకి మార్చండి, పేరు లేని ప్రతిదానికీ పేరు రాసి అంటించండి. ఏముందో ఎవరూ చెప్పలేకపోతే వాసన చూడొద్దు, మూత బిగించి "తెలియదు" అని రాసి విడిగా పెట్టండి.