కొరియర్ చార్జీల గొడవ: వంటింటి కాటా ఒకటి చెబుతుంది, హబ్‌లో మెషీన్ ఇంకొకటి

"అక్కా, పచ్చడికీ కొరియర్‌కీ కలిపి మొన్ననే కట్టేశాను కదా. ఇప్పుడు ఇంకో 95 పంపమంటారేంటి?"

వాట్సాప్ గ్రూపులోనో, ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనో సరుకు అమ్మేవాళ్లకు ఈ మెసేజ్ కొత్త కాదు. చీర రంగు తేడా వచ్చిందంటే మార్చి పంపిస్తే సరిపోతుంది. కొరియర్ చార్జీ దగ్గర మొదలైన గొడవ మాత్రం స్క్రీన్‌షాట్లు, గ్రూపులో తిట్లు, "కన్జ్యూమర్ కోర్టుకు వెళ్తా" అనే దాకా పోతుంది. అమ్మేవాళ్లలో చాలామంది అప్పటికే భయపడిపోయి ఉంటారు. ఆ భయంలో పక్క గ్రూపులో ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఇంకో తప్పు చేస్తారు. అలాంటి మాటల సంగతే ఇది.

అపోహ: "నేను తూచి మరీ చెప్పాను. కొరియర్ వాళ్లు ఎక్కువ వేశారు. తేడా కస్టమరే ఇవ్వాలి."

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. పైగా ఈ ఒక్క మాటలో రెండు తప్పులున్నాయి.

మొదటిది తూకం. వాల్యుమెట్రిక్ వెయిట్ అనే మాట అందరూ విన్నదే, లెక్క కట్టి చూసేవాళ్లే తక్కువ. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది కిలోల్లో వాల్యుమెట్రిక్ బరువు. అసలు బరువు, ఇది, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. దాన్ని కూడా అక్కడికక్కడ ఆపరు, పై స్లాబుకు తీసుకెళ్తారు. స్లాబు సాధారణంగా అరకిలో.

కొండపల్లి బొమ్మల సెట్టు తీసుకోండి. తెల్లపొణికి చెక్క కాబట్టి సెట్టంతా కలిపినా 600 గ్రాములు దాటదనుకుందాం. విరగకుండా చుట్టూ మెత్తలు పెట్టి 40×30×20 పెట్టెలో సర్దారు. గుణిస్తే 24,000. 5000తో భాగిస్తే 4.8. అంటే మీరు 600 గ్రాములకు ధర చెప్పిన పార్సిల్‌కు 5 కిలోల బిల్లు వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. వ్యాన్‌లో ఆ పెట్టె ఆక్రమించిన చోటుకు అద్దె అది.

పచ్చడి సీసాలది ఇంకో తంటా. కిలో ఆవకాయ, సీసా, బబుల్ ర్యాప్, అట్టపెట్టె అంతా కలిపి కాటా మీద 1.4 కిలోలు చూపిస్తుంది. పెట్టె 25×20×20 అయితే సరిగ్గా 10,000, అంటే 2 కిలోలు. మీరు 2 కిలోలకే వసూలు చేశారు, లెక్క బాగానే ఉంది. కానీ లోపల పేపర్లు కుక్కి, పైన మూడు చుట్లు టేపు వేస్తే పెట్టె ఉబ్బుతుంది. కొరియర్ హబ్‌లో (పార్సిళ్లు చేర్చి విడదీసే చోట) మెషీన్ కొలిచేది ఉబ్బిన పెట్టెనే. ఒక్కో వైపు ఒక్క సెంటీమీటరు పెరిగినా 26×21×21, అంటే 11,466. బరువు 2.29 అయింది, బిల్లు 2.5 కిలోలకు పడింది. కస్టమర్‌ను అడిగే ఆ 95 రూపాయలు పుట్టేది ఇలాగే. అదే సీసాకు 24×19×19 పెట్టె కొని ఉంటే ఒక సెంటీమీటరు ఉబ్బినా 2 కిలోల లోపలే ఉండేది.

చీరలకు గిఫ్టు పెట్టె మోజు ఒకటి. 800 గ్రాముల చీరను 42×32×8 పెట్టెలో పెడితే 2.15, స్లాబు 2.5 కిలోలు. అదే చీర మడతపెట్టి కొరియర్ కవర్లో వేస్తే 36×26×5, అంటే 0.94. కిలో స్లాబుతో పోయింది. పెట్టె కావాలని కస్టమర్ అడిగితే, ఆ పెట్టెకు పడే చార్జీ ముందే చెప్పండి.

సీసాను పెట్టె లేకుండా చుట్టి పంపితే మిగులుతుందనుకోవద్దు. గుండ్రంగా ఉన్నా, వంకరగా ఉన్నా, దాని చుట్టూ ఒక పెట్టె ఉన్నట్టే కొలుస్తారు. ఇంకో సంగతి, కొన్ని సర్వీసులు 5000కు బదులు 4000తో భాగిస్తాయి. పైన చెప్పిన 25×20×20 పెట్టె అప్పుడు ఉబ్బకుండానే 2.5 కిలోలు. రేట్ కార్డు కింద చిన్న అక్షరాల్లో ఉండే ఈ అంకె చూడకుండా అగ్రిగేటర్ (చాలా కొరియర్ కంపెనీల సర్వీసులు ఒకేచోట అమ్మే మధ్యవర్తి వెబ్‌సైటు) ప్లాన్ తీసుకోవద్దు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. మూడే సైజుల పెట్టెలు పెట్టుకోండి. ఒక్కోదాన్ని నింపి, టేపు వేసి, బాగా ఉబ్బిన చోట కొలిచి, తర్వాతి పూర్తి సెంటీమీటరుకు పెంచి, స్లాబు ఎంతో ప్యాకింగ్ బల్ల ముందు గోడకు అంటించండి. ధర చెప్పేటప్పుడు గోడ చూసి చెప్పాలి, కాటా చూసి కాదు. ప్రతి పార్సిల్‌కూ నాలుగు ఫొటోలు తీయండి: కాటా మీద బరువు, కొలత టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు. నాలుగింటిలోనూ లేబుల్ మీది ఏడబ్ల్యూబీ (పార్సిల్ ట్రాకింగ్) నంబరు కనిపించాలి. నంబరు లేని ఫొటోను ఎవరూ ఒప్పుకోరు, ఏ పెట్టెదో ఎవరికి తెలుసు?

ఈ ఫొటోలు కస్టమర్ కోసం కాదు, అగ్రిగేటర్ కోసం. పార్సిల్ వెళ్లిన కొన్ని రోజులకు అగ్రిగేటర్ సైటులోని మీ ఖాతాలో 'వెయిట్ డిస్క్రిపెన్సీ' (బరువులో తేడా) అని ఒక ఎంట్రీ పడుతుంది. అభ్యంతరం చెప్పడానికి చాలాచోట్ల వారం రోజులకు మించి గడువుండదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, వాలెట్ నుంచి డబ్బు దానంతటదే పోతుంది. వారానికి రెండుసార్లు ఆ పేజీ తెరిచి చూసే అలవాటు లేక నష్టపోయి, ఆ కోపం కస్టమర్ మీద చూపించేవాళ్లు చాలామంది.

రెండో తప్పు, తేడా కస్టమర్‌ను అడగడం. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు 2020 ప్రకారం మొత్తం ధర ఒకే అంకెగా చూపించాలి. అందులో డెలివరీ, పోస్టేజీ, హ్యాండ్లింగ్, పన్ను ఎంతెంతో విడగొట్టి చెప్పాలి. "కొరియర్ చార్జీలు అదనం" అని స్టేటస్‌లో ఒక ముక్క రాస్తే ధర చెప్పినట్టు కాదు. ముందు తక్కువ చెప్పి చివర్లో పెంచడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 'డ్రిప్ ప్రైసింగ్' పేరుతో ప్రత్యేకంగా నిషేధించాయి. "మాది ఇంట్లో చేసుకునే చిన్న వ్యాపారం, మాకు వర్తించదు" అనే వాదన కూడా చెల్లదు. ఎప్పుడో ఒకసారి సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తికే మినహాయింపు. క్రమం తప్పకుండా వ్యాపారంగా అమ్మేవాళ్లు నియమాల లోపలే ఉంటారు.

చట్టం పక్కన పెట్టినా లెక్క కూడా ఒప్పుకోదు. పార్సిల్ దారిలో ఉండగా "ఇంకో 95 పంపండి" అంటే సీవోడీ (సరుకు అందాక డబ్బు కట్టే) కస్టమర్ తలుపు దగ్గరే వద్దంటారు. వెళ్లిన చార్జీ పోయింది, వెనక్కి వచ్చే ఆర్టీవో (రిటర్న్ టు ఆరిజిన్) చార్జీ దాదాపు అంతే మళ్లీ పడింది, సీసా పగిలిందో లేదో దేవుడికెరుక. 95 కోసం అడిగి అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకోవడమంటే ఇదే.

కాబట్టి పార్సిల్ ఇంకా మీ ఇంట్లోనే ఉండి, తప్పు ముందే కనిపిస్తే మాత్రమే అడగండి. అప్పుడు కూడా ఇలా:

"నమస్తే అండీ. మీ ఆర్డర్‌కు కొరియర్ 120 అని చెప్పాను. ప్యాక్ చేశాక పెట్టె సైజు వల్ల 215 అవుతోంది. పొరపాటు నాదే. మీకు ఇష్టమైతే 95 పంపండి, లేదంటే చిన్న ప్యాక్‌లో పంపిస్తాను, అదీ వద్దంటే మొత్తం డబ్బు ఇవాళే వెనక్కి వేస్తాను. మీరు చెప్పేదాకా పంపను."

పార్సిల్ బయలుదేరిపోయిందా? ఆ 95 మీదే. గోడ మీది అంకె సరిచేసుకోండి.

అపోహ: "ఎక్స్‌ట్రా అడిగారని కస్టమర్ అంటే, అడిగింది కొరియరే."

జవాబిచ్చే ముందు ఒక ప్రశ్న: "ఎవరు అడిగారండీ? స్లిప్పో, మెసేజో ఉంటే ఫొటో పెట్టండి." డబ్బు కట్టేసిన పార్సిల్‌కు డెలివరీ అబ్బాయి చేతికి ఏమీ ఇవ్వక్కర్లేదు. ఊరు దూరమైతే పడే ఓడీఏ (మామూలు డెలివరీ పరిధి బయట) చార్జీ పంపినవాళ్ల ఖాతాలో పడుతుంది. ఇవ్వొద్దని చెప్పి, ఏడబ్ల్యూబీ నంబరుతో మీరే టికెట్ వేయండి. ఇక "అడ్రస్ సరిగా లేదు, ఈ లింకులో పాతిక రూపాయలు కట్టండి" అని తపాలా శాఖ పేరుతో వచ్చే ఎస్ఎంఎస్ అచ్చమైన దొంగ మెసేజ్. అందులో కార్డు నంబరు ఇచ్చేశామంటే వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కూ ఫోన్ చేయమనండి. ఆ కంగారులో ఉన్న మనిషితో "నాకేం సంబంధం" అనకండి. మీ పార్సిల్ కోసం ఎదురుచూస్తూనే కదా ఆ లింకు నొక్కింది.

బస్ పార్సిల్‌లో, ట్రాన్స్‌పోర్టులో మాత్రం నిజంగానే కస్టమర్ కట్టాల్సి రావచ్చు. 'టు పే' అని బుక్ చేస్తే ఛార్జీ, హమాలీ అక్కడ ఇవ్వాలి. బస్టాండుకు ఆలస్యంగా వెళ్తే నిల్వ రుసుము కూడా పడుతుంది. ఈ మూడు మాటలూ ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పండి, పార్సిల్ వెళ్లిన రోజే రసీదు ఫొటో పెట్టండి.

అపోహ: "రిజిస్టర్డ్ పోస్టులో పంపితే చవక, అందులో పంపొచ్చుగా."

రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1న స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. రిజిస్ట్రేషన్ ఇప్పుడు స్పీడ్ పోస్టు మీద తీసుకునే అదనపు సేవ. పాత రేటు పట్టుకుని వాదించే కస్టమర్‌కు కౌంటర్ రసీదు చూపిస్తే చాలు. పోస్టాఫీసు కౌంటర్లో ఒక సుఖముంది, తూచి డబ్బు తీసుకునేది మీ కళ్ల ముందే.

అపోహ: "కొరియర్ మాకు 18 శాతం జీఎస్టీ వేస్తుంది, అదే కస్టమర్‌కు వేస్తాం."

జీఎస్టీ నమోదు ఉంటే, అదే బిల్లులో వసూలు చేసే కొరియర్ చార్జీ సరుకు విలువలో భాగమే. సరుకు రేటే దానికీ. 5 శాతం చీరకు కొరియర్ మీద కూడా 5 శాతమే. కొరియర్ మీకు వేసిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే మొత్తం) కింద చూసుకోవాలి. నమోదు లేనివాళ్లు ఆ పేరుతో రూపాయి కూడా తీసుకోకూడదు.

అపోహ: "అమెరికాకు 800 డాలర్ల లోపు అయితే ఏమీ పడదు. పడినా 'గిఫ్ట్' అని రాస్తే పోతుంది."

ఆ 800 డాలర్ల వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. మన తపాలా శాఖ కొన్నాళ్లు సరుకుల బుకింగ్ ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది, సుంకం బుకింగ్‌లోనే ముందుగా తీసుకునే పద్ధతిలో. సుంకం రేట్లు మారుతూనే ఉంటాయి, నెల కిందటి అంకె చెప్పొద్దు. బుక్ చేసే రోజు కనుక్కుని చెప్పండి. ప్రైవేటు కొరియర్‌లో అయితే డీడీపీనా (సుంకం పంపినవాళ్లు కట్టేది), డీడీయూనా (అందుకునేవాళ్లు కట్టేది) అన్నది ఆర్డర్ మెసేజ్‌లోనే తెలుగులో రాయండి: "అమెరికా సుంకం నేను కట్టాను" లేదా "సుంకం, దాన్ని ముందుగా కట్టినందుకు కొరియర్ తీసుకునే రుసుము మీరు అక్కడ కట్టాలి". ఆ రెండో రుసుము చెప్పకపోవడం వల్లే డల్లాస్ నుంచి అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి.

గిఫ్ట్ సంగతి. అమ్మ కొడుక్కి పంపే నిజమైన కానుకకు 100 డాలర్ల దాకా మినహాయింపు ఉంది. డబ్బు తీసుకుని పంపేది కానుక కాదు, అలా రాయడం తప్పుడు డిక్లరేషన్. తిండి వస్తువులకు ఇంకో మెలిక ఉంది. ఇంట్లో చేసి వ్యక్తిగత కానుకగా పంపే పచ్చడికి ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ) ప్రయర్ నోటీసు, అంటే ముందస్తు సమాచారం, అక్కర్లేదు, అమ్మే పచ్చడికి కావాలి. అది లేక పెట్టె ఆగితే వచ్చే ఖర్చంతా పంపినవాళ్ల మెడకే. చికెన్ పచ్చడి గురించి అడగకండి, మాంసం పచ్చళ్లు అక్కడ లోపలికే రానివ్వరు.

బ్రిటన్‌కు 135 పౌండ్లు దాటితే పన్ను, సుంకం సరిహద్దులో అందుకునేవాళ్ల దగ్గర తీసుకుంటారు. దానికి లోపైతే వ్యాట్ (అక్కడి అమ్మకపు పన్ను) బాధ్యత అమ్మినవాళ్లది. కానుకలకు అక్కడ పరిమితి 39 పౌండ్లే.

అపోహ: "1915కు ఫిర్యాదు వెళ్లిందంటే ఇక వ్యాపారం మూసుకోవడమే."

1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, అది కోర్టు కాదు. ఫిర్యాదు మీకు పంపి జవాబు అడుగుతారు. భయపడి నంబరు బ్లాక్ చేయడమే అసలు నష్టం. నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అదే సమయంలో, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల దాకా ఫిర్యాదుకు ఫీజు లేదని కస్టమర్లకూ తెలుసు, కాబట్టి 'వాళ్లేం వెళ్తారులే' అనుకోవద్దు.

జవాబుకు కావాల్సినవి ఒకే ఫోల్డర్‌లో ఉంచండి: మొత్తం ధర విడగొట్టి చెప్పిన మెసేజ్, దానికి కస్టమర్ సరేనన్న స్క్రీన్‌షాట్, కొరియర్ బిల్లు, నాలుగు ఫొటోలు, డెలివరీ రుజువు. కార్డుతో కట్టిన డబ్బుకు చార్జ్‌బ్యాక్ (డబ్బు వెనక్కి ఇప్పించమని కస్టమర్ బ్యాంకును అడగడం) వచ్చినా పేమెంట్ గేట్‌వే అడిగేది ఇవే, అది ఇచ్చిన గడువు లోపల. వాయిస్ మెసేజ్‌లో చెప్పిన ధరను ఎక్కడా చూపించలేరు. వాయిస్‌లో మాట్లాడినా, కింద అంకె ఒకసారి టైపు చేసి పెట్టండి.