చిన్న మాటల దగ్గర ఆగండి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి ఏడాది పూర్తయిందనీ, నలుగురూ కలిసి కేంబ్రిడ్జి వారి సి2 ప్రొఫిషియెన్సీ పరీక్ష రాయాలనుకుంటున్నారనీ రాసిన ఉత్తరం అందింది. చాలా సంతోషించాను. కానీ చివర్లో మీరు అడిగిన ప్రశ్న చదివాక మనసు చివుక్కుమంది. "తెలుగులో ఆలోచించే అలవాటు పోతేగానీ ఈ పరీక్ష గట్టెక్కలేమని అందరూ అంటున్నారు, నిజమేనా టీచరుగారూ?" అన్నారు. 34 ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని. నా అనుభవంలో తెలుగు ఎంత శ్రద్ధగా తెలిసిన పిల్లలైతే ఇంగ్లీషు లోతుల్లోకి అంత ధైర్యంగా దిగారు. ఎలాగో కాస్త వివరంగా రాస్తాను. తీరిగ్గా చదవండి.

ముందు పరీక్ష సంగతి. భాష ఎంత వచ్చో కొలవడానికి ఐరోపాలో ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు ఏర్పరచుకున్నారు. ఇది ఆరో మెట్టు. విదేశాల్లో ఇంగ్లీషు బోధించదలచినవారి కోసం 1913లో ఈ పరీక్ష మొదలుపెట్టారు. ఆ ఏడు రాసినవారు ముగ్గురే. ముగ్గురూ తప్పారు. అప్పట్లో అది మొత్తం 12 గంటల పరీక్ష. వ్యాసం, సాహిత్యం, ధ్వనిశాస్త్రం, వాటితోపాటు ఫ్రెంచి లేదా జర్మన్ భాషకూ ఇంగ్లీషుకూ మధ్య అటూ ఇటూ అనువాదం ఉండేవి. ఇప్పుడు నాలుగు భాగాలయింది. చదవడం, భాషను వాడడం కలిపి గంటన్నరలో 53 ప్రశ్నలు. రాయడానికి మరో గంటన్నర. వినడానికి సుమారు 40 నిమిషాలు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి మాట్లాడించేది 16 నిమిషాలు. వారి కొలమానంలో 200 వస్తే ఉత్తీర్ణత, 220 వస్తే 'ఏ' గ్రేడు. 180కి చేరి 200 లోపు ఆగిపోయినా సి1 స్థాయి ధ్రువపత్రం ఇస్తారు కాబట్టి పడిన శ్రమ వృథా పోదు.

ఇక మీరు మొదట మానుకోవలసిన పని, అరుదైన పదాల జాబితాలు బట్టీ పట్టడం. ఈ స్థాయిలో అడిగేది ఒక మాటకు తోడుగా ఏ మాట వస్తుందని. తెలుగులో కుండపోత వాన అంటాం, కుండపోత గాలి అనం. ఈదురుగాలి అంటాం, ఈదురువాన అనం. కటిక చీకటి, కటిక నేల, కటిక ఉపవాసం, కటిక దరిద్రం ఉన్నాయి. కటిక సంపద లేదు. ఇది మీకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. వినగా వినగా పట్టుబడింది. ఇంగ్లీషులో వానకు హెవీ, గాలికి స్ట్రాంగ్ తోడు వస్తాయి. టీ చిక్కగా ఉంటే స్ట్రాంగ్ అంటారు గానీ హెవీ అనరు. పరీక్షలో మొదటి ప్రశ్న ఇదే తీరున ఉంటుంది: నాలుగూ ఇంచుమించు ఒకే అర్థమున్న మాటలు ఇస్తారు, ఆ వాక్యంలో ఇమిడేది ఒక్కటే. నిఘంటువు చూసి తేల్చుకోగలిగింది కాదు. అందుకే నోటుబుక్కులో రెయిన్ అంటే వాన అని రాసుకోకండి. హెవీ రెయిన్ అని జంటగా రాసుకోండి. ఒంటరి మాట ఒక్కటీ మీ నోటుబుక్కులో కనబడకూడదు.

మనవాళ్లను బాగా భయపెట్టేవి క్రియ పక్కన చిన్న ముక్క చేరి అర్థం మారిపోయే పదబంధాలు. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. పుట్ అప్ విత్ అంటే భరించడం. పుట్ డౌన్ అంటే కొన్నిచోట్ల కించపరచడం, కొన్నిచోట్ల తిరుగుబాటును అణచడం. ఇదేం భాష అని విసుక్కున్న పిల్లలకు నేను బల్ల మీద 'పడు' అని రాసేదాన్ని. బయటపడు, లోబడు, వెనకబడు, ఏర్పడు, కష్టపడు, నిలబడు. నిలబడినవాడు పడలేదు కదా! హారం అనే ముక్కకు ముందు ఉపసర్గలు చేర్చి చూడండి: ఆహారం తినేది, ప్రహారం దెబ్బ, సంహారం చంపడం, విహారం షికారు, పరిహారం నష్టానికి కట్టేది. సంస్కృతం ముందు చేర్చినదాన్ని ఇంగ్లీషు వెనక చేర్చింది, అంతే. ఈ పోలిక మనసులో పడ్డాక పిల్లల మొహాల్లో బెదురు తగ్గడం నేను కళ్లారా చూశాను.

ఇచ్చిన మాటను మార్చకుండా వాక్యాన్ని తిరగరాసే ప్రశ్న ఒకటుంది. మూడు నుంచి ఎనిమిది మాటల్లో ఖాళీ పూరించాలి. ఉదాహరణకు, ఆయన అంత జబ్బుపడ్డారని నాకు తెలియనే లేదు అనే భావాన్ని 'లిటిల్' అనే మాటతో చెప్పమంటారు. లిటిల్ డిడ్ ఐ రియలైజ్ హౌ ఇల్ హి వాజ్ అని రావాలి. క్రియ ముందుకు దూకిందేమిటని మీకు వింతగా ఉంటుంది. నేను రాసిన తెలుగు వాక్యం మళ్లీ చూడండి. 'తెలియలేదు' అనలేదు, 'తెలియనే లేదు' అన్నాను. ఆ ఏకారమే మనకు నొక్కి చెప్పే సాధనం. వాడే వచ్చాడు, వచ్చాడే, అప్పుడే వచ్చాడు అని ఎక్కడ కావాలంటే అక్కడ అతికిస్తాం. ఇంగ్లీషుకు ఆ ఏకారం లేదు. అందుకని మాటల వరుస మార్చుకుంటుంది, లేదా ఇట్ వాజ్ అని వాక్యాన్ని రెండుగా చీల్చుకుంటుంది. మీరు తెలుగులో ఏకారం పెట్టిన చోటల్లా ఇంగ్లీషు ఏం చేస్తుందో గమనిస్తూ పోండి. అది వ్యాకరణ పుస్తకం కంటే ఎక్కువ నేర్పుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా ఎర్ర సిరా సగం ఎక్కడ ఖర్చయిందంటే ఎ, యాన్, ది అనే మూడు చిన్న మాటల దగ్గర. తెలుగులో అవి లేవు కాబట్టి మనకు రావంటారు. చిన్నప్పుడు విన్న కథ గుర్తుచేసుకోండి. అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. మొదటిసారి 'ఒక' అన్నాం, రెండోసారి 'ఆ' అన్నాం. వినేవాడికి కొత్త సంగతైతే ఒక, తెలిసిన సంగతైతే ఆ. ఇంగ్లీషు ఎ, ది పుట్టిన చోటు అదే. వాటి పూర్వరూపాలు కూడా ఒకటి అనే అంకె, ఆ అని చూపించే మాట. తేడా ఏమిటంటే మనం కథ మొదట్లో వాడి తర్వాత వదిలేస్తాం, వారు ప్రతి చోటా తేల్చి చెబుతారు.

ఒక విద్యార్థిని రాసిన వ్యాసం నా దగ్గర ఇప్పటికీ ఉంది. మూడు పేజీల్లో 'ది సొసైటీ' అని 11 సార్లు రాసింది. చాలా తెలివైన పిల్ల. ఆలోచన బాగుంది, వాక్యాలు సాఫీగా ఉన్నాయి. మనుషులందరూ కలిసిన సమాజం అనే అర్థంలో సొసైటీకి ముందు ది రాదు. ది నేచర్ కూడా అంతే. ది పెడితే చదివేవాడు ఏ సొసైటీ అని వెనక్కి వెతుక్కుంటాడు. ఆ 11 చోట్లా తనచేతనే కొట్టివేయించి, ఒక్కొక్క చోట 'ఆ సమాజమా, సమాజమా' అని తెలుగులో పైకి చదివించాను. తొమ్మిదో చోటికి వచ్చేసరికి తనే నవ్వుతూ కలం తీసుకుంది. మళ్లీ ఆ తప్పు చేయలేదు.

దీనికి మంచి అభ్యాసం చైనా నుంచి తెచ్చుకోవచ్చు. అక్కడ ఇంగ్లీషు ప్రధానాంశంగా డిగ్రీ చదివే విద్యార్థులు నాలుగో ఏట టెమ్-8 అనే పరీక్ష రాస్తారు. అందులో తప్పులు దిద్దే భాగం ఒకటుంది. ఒక చిన్న వ్యాసభాగంలో పది తప్పులుంటాయి. మాట తగ్గితే చేర్చాలి, ఎక్కువైతే కొట్టేయాలి, తప్పైతే మార్చాలి. కేవలం పది నిమిషాలు. మీరు నలుగురున్నారు కదా, వారానికొకరు మంచి పత్రికలోంచి ఒక పేరా తీసి, అందులో పది తప్పులు మీరే చొప్పించి, మిగతా ముగ్గురికీ ఇవ్వండి. తప్పు దిద్దడం కంటే తప్పు చొప్పించడానికి ఎక్కువ తెలివి కావాలి. సహజంగా కనబడే తప్పు చేయాలంటే మనవాళ్లు ఎక్కడ జారతారో తెలియాలి మరి. డిస్కస్ పక్కన అబౌట్, రిటర్న్ పక్కన బ్యాక్, ఈరోజు పొద్దున అనే మాటకు టుడే మార్నింగ్, వన్ ఆఫ్ మై తర్వాత ఏకవచనం. వీటితో మొదలుపెట్టండి.

వినే భాగంలో ప్రతి రికార్డింగూ రెండుసార్లు వినిపిస్తారు. అయినా జారిపోతుంది, ఎందుకంటే మన చెవి అక్షరం చుట్టూ పెరిగింది. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దక్కుతుంది. ఛందస్సులో లఘువు, గురువు అని మనం కొలిచేది కాలాన్ని. ఇంగ్లీషు కొలిచేది ఊనికను. బనానా అనే మాటను మనం మూడక్షరాలూ సమంగా పలుకుతాం. ఇంగ్లీషువారు నడిమి నాను ఒక్కదాన్నే నొక్కి, ముందూ వెనకా ఉన్నవాటిని గాలిలో కలిపేస్తారు. ఆ అస్పష్టమైన అచ్చు మన వర్ణమాలలో లేదు. హైదరాబాదులో 1958లో మొదలై నేడు ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)గా ఉన్న సంస్థకు నేను శిక్షణకు వెళ్లినప్పుడు ఆ ధ్వని మొదటిసారి విడిగా విన్నాను. ఎన్నో ఏళ్లుగా పాఠం చెబుతున్న భాషలో అన్నిటికంటే ఎక్కువగా వినబడే అచ్చు అదేనని తెలిసిన రోజు నాకు ఇప్పటికీ పండగలా గుర్తుంది. ఆ తర్వాత రాత్రి పూట రేడియోలో బీబీసీ పెట్టుకుని, రెండు నిమిషాలు విన్నది విన్నట్టు రాసుకునేదాన్ని. మీకు ఫోనులో ఆపి మళ్లీ వినే సౌకర్యం ఉంది. రోజుకు రెండు నిమిషాలే వినండి, కానీ టు, ఆఫ్, హావ్ లాంటి చిన్న మాటలు ఒక్కటీ వదలకుండా రాయండి.

వ్యాసం గురించి కాస్త ఎక్కువ రాయాలి. సుమారు నూరేసి మాటల రెండు పేరాలు ఇచ్చి, వాటిలోని ముఖ్యాంశాలను సంగ్రహించి, బేరీజు వేసి, మీ అభిప్రాయం కూడా కలిపి 240 నుంచి 280 మాటల్లో రాయమంటారు. మన పిల్లలు మొదటి పేరా సారం, రెండో పేరా సారం, చివర్లో రెండు పక్షాలూ సరైనవే అని ముగిస్తారు. అది బేరీజు కాదు. మన శాస్త్రాల్లో పూర్వపక్షం, సిద్ధాంతం అని ఉన్నాయి. ఎదుటివాడి వాదాన్ని అతనే మెచ్చుకునేంత చక్కగా చెప్పి, ఆ తర్వాతే మన మాట చెప్పాలి. మ్యూజియంలకు టికెట్టు ఉండకూడదని ఒక పేరా, ఉచితంగా దొరికినదాన్ని జనం లెక్కచేయరని మరో పేరా అనుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు గుమిగూడే జనాన్ని మీరు చూసే ఉంటారు. వారిలో చాలామంది టికెట్టు కొన్నవారే. గంట కొట్టగానే చాలామంది లేచి, పక్క గదుల్లో బొమ్మల వంక చూడకుండా సాగిపోవడం నేను గమనించాను. కాబట్టి డబ్బు కట్టించినంత మాత్రాన శ్రద్ధ రాదు అని మీరు రాస్తే, రెండో పేరాను ఖండించినట్టూ అవుతుంది, సొంత కంటితో చూసిన సాక్ష్యమూ ఉంటుంది. ఇచ్చిన పేరాల్లోని వాక్యాలను ఎత్తి రాయకండి. ముందు ఆ రెండు వాదాలనూ తెలుగులో ఒకరికొకరు చెప్పుకోండి, కాగితం మూసేసి ఇంగ్లీషులో రాయండి. అప్పుడు మాటలు మీవే అవుతాయి.

మాట్లాడే భాగానికి నేను చెప్పేది తక్కువ. పక్కవారు చెప్పింది వినండి, దాన్ని అందుకుని ముందుకు తీసుకెళ్లండి. మీ నలుగురికీ అది వచ్చు.

తెలుగు అడ్డమని ఈసారి ఎవరైనా అంటే బ్రౌన్ దొర సంగతి చెప్పండి. 1817లో మద్రాసులో దిగి, సెయింట్ జార్జి కోట కళాశాలలో తెలుగు నేర్చుకుని, 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తన ఇంగ్లీషును ఎక్కడా పారేయలేదు. ఒక్కొక్క తెలుగు మాటకూ ఇంగ్లీషులో సాటి వెతుక్కుంటూ పోతే 1852కి నిఘంటువు అచ్చయింది. అతను వచ్చిన దారినే మీరు ఇటునుంచి వెళ్తున్నారు.

మ్యూజియం వ్యాసం నలుగురూ విడివిడిగా రాసి వచ్చే నెల మొదటి వారానికల్లా పంపండి. చేత్తో రాయండి. ఎడమవైపు నాలుగు వేళ్ల మార్జిను వదలండి, నాకు దిద్దడానికి చోటు కావాలి.

మీ
టీచరుగారు