కొంగ లెక్క, నక్క లెక్క

బరంపురం నుంచి ఋషికుల్య నది వైపు వెళ్తుంటే, తొలకరి దుక్కుల్లో తెల్లకొంగలు ట్రాక్టరు చక్రాల పక్కనే నిబ్బరంగా నడుస్తుంటాయి. అంత మోతకు బెదరని ఆ కొంగలే, గట్టు మీద ఎవరైనా తమనే చూస్తూ నాలుగడుగులు వేస్తే లేచిపోతాయి.

ట్రాక్టరు మట్టి తిరగేస్తే పురుగులు, కప్పలు బయటపడతాయి. పశువుల వెంట తిరిగే కొంగకు ఒంటరిగా వెతికే కొంగకంటే తక్కువ అడుగుల్లో ఎక్కువ తిండి దొరుకుతుంది. ట్రాక్టరు దానికి కొత్తరకం ఎద్దు, అంతే.

మనిషి సంగతి వేరు. ఆపద కనబడగానే పక్షి ఎగిరిపోదని 1986లో యిడెన్‌బర్గ్, డిల్ అనే శాస్త్రవేత్తలు వాదించారు. లేచిపోతే తిండీ ఓపికా పోతాయి, ఉండిపోతే ప్రాణమే పోవచ్చు. ఉండడంలోని నష్టం వెళ్లడంలోని నష్టాన్ని మించినప్పుడే అది కదులుతుంది. అందుకే వేట సాగే చెరువులో బాతులు మనిషి ఎంతో దూరాన ఉండగానే లేస్తాయి. చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళాజోడిలో ఒకప్పటి వేటగాళ్లే కాపలాదారులయ్యారు. ఇప్పుడక్కడ వలస పక్షులు పడవను చూసీ చూడనట్టు మేస్తాయి.

చూపూ ఈ లెక్కలోకి వస్తుంది. గోరువంకల చుట్టాలైన స్టార్లింగులపై 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, మనిషి చూపు తమ మీద ఉన్నంతసేపూ అవి తిండి దగ్గరకు రావడానికి జంకాయి. చూపు తిప్పుకుంటే త్వరగా వచ్చి, ఎక్కువ తిన్నాయి. బైనాక్యులర్లు ఎత్తిపట్టి నేరుగా నడిచేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది.

నక్క దూరంతో పాటు వేళనూ మార్చుకుంటుంది. 62 జాతుల క్షీరదాల సమాచారాన్ని కలిపి చూసిన 2018 నాటి అధ్యయనం ప్రకారం, పగలూ రాత్రీ సమంగా తిరిగే జంతువు మనుషుల అలికిడి పెరిగిన చోట తన కదలికల్లో 68 శాతం దాకా రాత్రిపూటే సాగిస్తుంది. గంజాం తీరంలో మొగలి పొదలకు, సరుగుడు తోటలకు కొదవ లేదు. పగలంతా ఒదిగి ఉన్న నక్కలు చీకటి పడ్డాక ఋషికుల్య ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లు తవ్వుకుంటాయి. దొంగతనం అనడానికి లేదు, అక్కడ వాటిదీ పాత కాపురమే.

నక్కను చూడాలంటే సంధ్యవేళ గాలికి ఎదురుగా, ఒకేచోట కూర్చోవాలి. పిల్లలున్న బొరియ దగ్గరకు పదేపదే వెళ్తే తల్లి వాటిని మరోచోటికి మోసుకుపోవచ్చు. తిండి అసలే వేయకూడదు. పట్టపగలు జంకు లేకుండా మీదికి వచ్చే నక్క మచ్చికైందని సంబరపడవద్దు, అది రేబిస్ లక్షణం కావచ్చు. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే టీకాకు వెళ్లాలి.