పక్షులొచ్చాయి కాబట్టి నీళ్ళు బాగుపడ్డట్టేనా?

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు చమురు కూడా చెన్నై పక్కనున్న ఎన్నూరు ఉప్పుటేరులోకి దిగింది. మడచెట్ల మొదళ్ళు, పడవలు, వలలు, గూడబాతుల (పెలికాన్ల) రెక్కలు అన్నీ నల్లబడ్డాయి. ఇలాంటి చోట్ల శుభ్రత పనులు జరిగేటప్పుడు పక్షుల్నీ పీతల్నీ లెక్కపెట్టడం నా పని. కొంగల గుంపు ఫోటో పంపి "బాగైపోయినట్టే కదా సార్?" అని అడిగేవాళ్ళు నాకు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: పక్షులు వాలితే నీరు శుభ్రపడినట్టే

కాదు. ఈ ఒక్క మాట పట్టుకునే పనులు ముందే ఆపేస్తారు, వేట నిలిచిన కుటుంబాలకు ఇక సాయం ఎందుకంటారు, ఇంట్లో పిల్లలకు అక్కడి పీతలే వండి పెడతారు.

ముందు కాలం చూడాలి. వలస పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఎలాగూ వస్తాయి. ఉత్తరాన పులికాట్ ఉంది, గూడబాతులు గూళ్ళు పెట్టే నేలపట్టు ఉంది. డిసెంబరు కన్నా జనవరిలో ఎక్కువ పక్షులు కనిపిస్తే అది ఋతువు వల్ల కూడా కావచ్చు.

తర్వాత తిండి. పొలం దున్నుతుంటే నాగలి వెనక కొంగలు నడవడం మనం చూసిందే. పూడిక తీసే యంత్రం వెనక కూడా అంతే.

ఒకసారి వేరే చోట, పూడిక తీస్తున్న కాలువ మొగ దగ్గర, తెల్లారేసరికి ఎటు చూసినా కొంగలు, నీటికాకులు. మా జట్టులో కొత్తగా చేరిన కుర్రాడి ఆనందం ఇంతా అంతా కాదు. మీటరు ముంచితే కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు కూడా లేదు. జలచరాలకు కనీసం 4 ఉండాలన్నది మన దేశ ప్రమాణం. అడుగు బురద కలగిపోయి, ఊపిరాడక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే కొంగలు ఏరుకు తింటున్నాయి. మేం ఫోన్ చేశాక ఆ పూట యంత్రం ఆపారు. మధ్యాహ్నం పోటెక్కి సముద్రపు నీరు లోపలికొచ్చాక మీటరు కాస్త కదిలింది. అప్పటికి సగం పక్షులు వెళ్ళిపోయాయి. ఆ రోజు మాకు మంచి కబురు అదే.

అందుకే ఒక రోజు సంఖ్య దేనికీ పనికిరాదు. అదే దారిలో, అదే పోటు వేళకు పదేపదే లెక్కించాలి. పనులకు ముందు లెక్క ఉండాలి, చమురు చేరని ఏరులోనూ లెక్క ఉండాలి. నేను పక్షుల కన్నా పీత బొరియల్నే నమ్ముతాను. పక్షి వేరే చోట తిని ఇక్కడ వాలుతుంది. పీత బతకాల్సింది ఆ బురదలోనే.

అపోహ: నూనె అంటిన పక్షిని షాంపూతో కడిగేస్తే చాలు

దయచేసి ఆ పని చేయొద్దు. ఈకలు అతుక్కుపోతే ఒంట్లో వేడి నిలవదు, ముక్కుతో దువ్వుకుంటూ ఆ నూనెనే మింగుతుంది. ముందు వెచ్చదనం, తర్వాత ద్రవాలు, ఓపిక వచ్చాకే కడగడం, అదీ శిక్షణ ఉన్నవాళ్ళే చేయాలి. ఎగరగలిగే గూడబాతును వెంటాడొద్దు. ఎక్కడ చూశారో అటవీ శాఖకు చెప్పండి.

అపోహ: చచ్చిన పక్షులు లేవు, నష్టమూ లేదు

మడ పొదల్లో పడ్డవీ, కుక్కలు లాక్కుపోయినవీ, పాటుకు సముద్రంలో కలిసినవీ లెక్కలోకి రావు.

అపోహ: ఎంతమంది దిగి గోకితే అంత త్వరగా పోతుంది

నీటి మీది చమురుకైతే సరే. మడచెట్ల కింద తొక్కిన కొద్దీ చమురు బురదలోకి దిగుతుంది, శ్వాసవేర్లు విరుగుతాయి.

ఎన్నూరు వైపు చేపలమ్మే ఒక పెద్దావిడ, వాళ్ళ పూర్వీకులది నెల్లూరు వైపట, నా తెలుగు విని పక్కకు పిలిచింది. "బాబూ, కొంగలు తింటన్నాయి గదా, మేం తింటే ఏమవుద్ది?" అమ్మకపోతే పూట గడవదు, అమ్మితే తిన్నవాళ్ళకు ఏమవుతుందోనని ఆమె టెన్షన్. "కొంగను చూసి చెప్పలేనమ్మా. పీత, రొయ్య కండను పరీక్ష చేసిన కాగితం అడగండి. అది వచ్చేదాకా ఇక్కడివి వండొద్దు. నూనె వాసన లేదని కూడా నమ్మొద్దు" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒడ్డు వెంట నడిపించి, ఒకప్పుడు తాను పీతలు పట్టిన చోటు చూపించింది. బొరియలు లెక్కపెట్టే చదరపు మీటరు చట్రం అక్కడే వేశాం. మొదటిసారి ఒక్క బొరియ కూడా లేదు. ప్రతి అమావాస్య పాటుకు వెళ్ళి చూస్తున్నాం, ఆవిడా వస్తోంది.