ర్యామ్ వేశాక డిస్‌ప్లే రాకపోతే బోర్డు పోయినట్టేనా? ర్యామ్ గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం నేను వెళ్లి షట్టర్ ఎత్తేసరికే ఒకాయన నా కంప్యూటర్ రిపేరు షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన పాత దుప్పటిలో చుట్టిన సీపీయూ. బెంగళూరులో కె.ఆర్.పురం నుంచి మారతహళ్లి దాకా స్కూటర్ మీద, కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చారట. కదిరి వైపు మనిషి, ఇక్కడ క్యాబ్ నడుపుతారు.

"అన్నా, నిన్న పాప యూట్యూబ్‌లో చూసుకుంటా కొత్త ర్యామ్ వేసింది. అంతే, ఇంక డిస్‌ప్లే లేదు. ఇంటి దగ్గర ఒకాయనకు చూపిస్తే బోర్డు పోయింది, ఈ బోర్డు ఇప్పుడు దొరకదు, ప్రాసెసర్‌తో సహా మార్చాలన్నాడు. పాప రాత్రి అన్నం ముట్టలేదు. నా వల్లే పోయిందని ఒకటే ఏడుపు."

సీపీయూ టేబుల్ మీద పడుకోబెట్టి పక్క మూత తీశాను. హెచ్61 అనే రకం మదర్‌బోర్డు, ర్యామ్ పెట్టే స్లాట్లు రెండు. పాత ర్యామ్ స్టిక్ సరిగ్గానే ఉంది. కొత్త దానికి ఒక కొన దిగింది, రెండో కొన దగ్గర బంగారు రంగు పిన్నుల అంచు సన్నటి గీతలా పైకి కనిపిస్తోంది. గోరు మందం కూడా లేదు. బొటనవేలితో నొక్కాను. టక్‌మంది. ప్లగ్ పెట్టి ఆన్ చేస్తే డిస్‌ప్లే వచ్చింది. ఆయన అక్కడికక్కడే పాపకు ఫోన్ చేసి, మాట రాక ఫోన్ నా చేతికిచ్చారు.

ఇలాంటి కేసు నాకు దాదాపు ప్రతి వారం వస్తుంది. కొందరు నా దగ్గరికి వచ్చేలోపే బోర్డు మార్చేసి ఉంటారు. ర్యామ్ గురించి ప్రచారంలో ఉన్న అపోహలన్నిటిలో జనం డబ్బు ఎక్కువగా తినేది ఇదే కాబట్టి ముందు దీని సంగతి చెప్తాను.

అపోహ: ర్యామ్ వేశాక స్క్రీన్ నల్లగా ఉంటే మదర్‌బోర్డు కాలిపోయినట్టే

కాదు. ఆన్ చేయగానే బోర్డు మొదట చూసుకునేది ప్రాసెసర్‌ని, ర్యామ్‌ని. ర్యామ్ పలికితేనే మానిటర్‌కి బొమ్మ పంపే పని మొదలవుతుంది. ర్యామ్ పలకకపోతే బోర్డు అక్కడే ఆగిపోతుంది. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. అంటే చాలాసార్లు ఆ నల్ల స్క్రీన్ బోర్డు తన పని తాను చేస్తోందనడానికే గుర్తు. మీరు ముట్టుకున్నది ర్యామ్‌ని, కాబట్టి ముందు అనుమానించాల్సింది కూడా ర్యామ్ కూర్చున్న తీరునే.

సరిగ్గా ఎందుకు కూర్చోదంటే, మొదటిసారి వేసేవాళ్లు భయపడతారు. అందులో తప్పేమీ లేదు. చవక బోర్డులు వెడల్పు తక్కువ ఉంటాయి, ర్యామ్ స్లాట్లు ఉన్న అంచు కింద చాలావాటికి స్క్రూ ఉండదు. నొక్కగానే బోర్డు కిందికి వంగుతుంది. విరిగిపోతుందేమోనని చెయ్యి వెనక్కి తీసేస్తారు. స్టిక్ సగంలో ఆగిపోతుంది. కొన్ని బోర్డుల్లో స్లాట్‌కి ఒక పక్కనే లాక్ ఉంటుంది. లాక్ ఉన్న పక్క టక్‌మనగానే పనైపోయిందనుకుంటాం, అవతలి కొన లేచే ఉంటుంది. అందుకని ముందు లాక్ లేని కొన పూర్తిగా దించండి, తర్వాత లాక్ ఉన్న పక్క నొక్కండి. చివర్లో తల వంచి పక్కనుంచి చూడండి. పిన్నుల అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా స్లాట్‌లో మునిగిపోయి ఉండాలి. ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ కనిపిస్తే దిగలేదనే లెక్క.

డిస్‌ప్లే రాకపోతే టెన్షన్ పడకుండా ఇంట్లోనే ఇలా చూడండి. ప్లగ్ పీకేసి పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ర్యామ్ మొత్తం తీసేయండి. మునుపు పనిచేసిన పాత స్టిక్ ఒక్కటే, అది మునుపున్న స్లాట్‌లోనే వేసి ఆన్ చేయండి. డిస్‌ప్లే వచ్చిందా, బోర్డుకి ఏమీ కాలేదు. మళ్లీ ప్లగ్ పీకి, అదే స్లాట్‌లో కొత్త స్టిక్ ఒక్కటే వేసి చూడండి. అప్పుడూ వస్తే స్టిక్ మంచిదే. ఇక తేల్చాల్సింది రెండో స్లాట్ సంగతి, లేదా ఆ రెండు స్టిక్కుల పొత్తు. ఇన్నేళ్లు ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో దుమ్ము పేరుకుని ఉంటుంది. ఆరిన మెత్తటి బ్రష్‌తో దులపండి. నోటితో ఊదకండి, స్లాట్‌లోకి తడి చేరుతుంది. స్టిక్ పిన్నుల మీద పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రెండు మూడుసార్లు రుద్ది, పొట్టు లేకుండా తుడిచి వేయండి. నా దగ్గరికి వచ్చే "చచ్చిపోయిన" సిస్టమ్స్‌లో చాలావాటిని బతికించేది ఆ రబ్బరే.

అప్పటికీ రాకపోతే, చెయ్యి లోపల పెట్టినప్పుడు తగిలి పవర్ కేబుల్ ఏదైనా వదులైందేమో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారా, బోర్డుకి పెట్టారా చూసుకోండి. సీపీయూ వెనక్కి తిప్పి కేబుళ్లు మళ్లీ పెట్టేటప్పుడు ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. తర్వాత సీమాస్ బ్యాటరీ, అదే బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సెల్, ప్లగ్ పీకి ఉంచే, ఐదు నిమిషాలు తీసి పెట్టండి. పాత సెట్టింగ్స్ పోయి బోర్డు ర్యామ్‌ని మొదటి నుంచి చూసుకుంటుంది.

డీడీఆర్5, అంటే కొత్త తరం ర్యామ్ వాడేవాళ్లకు ఒక్క మాట. కొత్త ర్యామ్ వేశాక మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు ఆ ర్యామ్‌కి తగ్గట్టు సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. అర నిమిషానికే కంగారుపడి పవర్ తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆన్ చేసి, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని రండి.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే బోర్డునే అడగండి. బోర్డుకి తగిలించే బుల్లి బీప్ స్పీకర్ బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్.పి. రోడ్డులో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. అది తగిలించి, ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి. బీప్ బీప్ అని అరిచిందంటే ప్రాసెసర్, బయోస్ (ఆన్ చేయగానే నడిచే బోర్డులోని ప్రోగ్రామ్) రెండూ నడుస్తున్నాయి, ర్యామ్ లేదని మొరపెట్టుకుంటున్నాయి. చచ్చిన బోర్డు అరవదు. కొత్త బోర్డుల్లో చాలావాటికి స్పీకర్ అవసరం లేకుండా డీర్యామ్ అని రాసిన చిన్న లైటు ఉంటుంది, అదే వెలుగుతుంది.

నేను దీని మీద ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. 2012లో ఎస్.పి. రోడ్డు పక్క సందులో ఒక షాపులో పని నేర్చుకుంటున్నాను. హిందూపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు సిస్టమ్ తెచ్చారు. మనవడు ర్యామ్ వేశాడు, డిస్‌ప్లే లేదు. నేను పాత స్టిక్ తీసి అదే స్లాట్‌లో ఒకసారి పెట్టి చూసి, బోర్డు పోయింది సార్ అన్నాను. ఆయన ఒక్క మాట కూడా ఎదురడగలేదు. లోపలి జేబులోంచి మడత నోట్లు తీసి లెక్కపెట్టారు. కొత్త బోర్డు వేసి పంపాం. సాయంత్రం ఖాళీగా ఉండి ఆ పాత బోర్డు మీద పిన్నులు తుడిచిన వేరే స్టిక్ వేస్తే శుభ్రంగా డిస్‌ప్లే వచ్చింది. ఆయన ఫోన్ నంబరు బిల్లు మీద రాసుకోలేదు. హిందూపురంలో ఎవరని వెతకను? ఆ నోట్లు లెక్కపెట్టిన వేళ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ రోజు నుంచి, మంచిదని తెలిసిన ఇంకో స్టిక్ వేసి చూడకుండా, ర్యామ్ మొత్తం తీసి బీప్ వినకుండా, బోర్డు పోయిందన్న మాట నా నోటి నుంచి రాలేదు.

మరి బోర్డు అసలు పోదా? పోతుంది. కరెంటు ఉండగానే స్టిక్ పెట్టడం, పీకడం చేస్తే పోవచ్చు. స్టిక్ అంచులో ఉండే గాటు స్లాట్‌తో కుదరకపోయినా బలవంతంగా తోసి స్లాట్ పగలగొట్టినవాళ్లూ ఉన్నారు. స్క్రూ జారి బోర్డు అడుగున పడినప్పుడు, దాన్ని చూసుకోకుండా ఆన్ చేస్తే అదీ ప్రమాదమే. ఈ మూడింట్లో ఏదీ చేయలేదంటే ధైర్యంగా ఉండండి.

ఇక మిగతావి.

అపోహ: ఏ ర్యామ్ అయినా పడుతుంది. పడదు. డీడీఆర్3, 4, 5 మూడింటికీ గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. దిగట్లేదంటే తోయకండి. ఇంటెల్ ప్రాసెసర్లలో నాలుగో తరం, అంతకు ముందువైతే డీడీఆర్3. ఆరో తరం నుంచి ఎక్కువగా డీడీఆర్4. పన్నెండో తరం నుంచి పద్నాలుగో తరం దాకా బోర్డుని బట్టి డీడీఆర్4 గానీ డీడీఆర్5 గానీ. ఏఎమ్‌డీలో ఏఎమ్4 బోర్డులకు డీడీఆర్4, ఏఎమ్5 బోర్డులకు డీడీఆర్5. ల్యాప్‌టాప్ స్టిక్ పొట్టిది, డెస్క్‌టాప్‌లో పనికిరాదు. కొనడానికి వెళ్లేటప్పుడు పాత స్టిక్ తీసి చేతిలో పట్టుకెళ్లడం అన్నిటికంటే తేలిక. ఆన్‌లైన్‌లో మరీ చవకగా కనిపించే 8 జీబీ డీడీఆర్3 స్టిక్కుల్లో కొన్ని ఏఎమ్‌డీ బోర్డులకు మాత్రమే పనికొచ్చేవి. ఆ సంగతి అక్కడే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో వేస్తే డిస్‌ప్లే రాదు, మళ్లీ బోర్డు పోయిందనే పాటే.

అపోహ: సిస్టమ్ స్లో అయితే ర్యామ్ పెంచాలి. కొనేముందు విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరవండి. మీరు రోజూ చేసే పనంతా పెట్టుకుని మెమరీ ఎంత నిండిందో చూడండి. సగం దగ్గరే ఆగి, డిస్క్ నూరు శాతం చూపిస్తుంటే మీకు కావాల్సింది ర్యామ్ కాదు, హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ. 4 జీబీ ఉన్నవాళ్లు 8 చేసుకుంటే తేడా చూడగానే తెలుస్తుంది. 16 ఉండి వర్డ్, బ్రౌజర్ తప్ప వాడనివాళ్లు 32 చేసుకున్నా ఏమీ తెలియదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అవసరం లేకుండా కొనే కాలం కాదిది.

అపోహ: రెండు కంపెనీల ర్యామ్ కలిపితే కాలిపోతుంది. ఇదెవరు పుట్టించారో గానీ చాలా ఊళ్లు తిరిగింది. కాలదు. రెండూ ఒకే డీడీఆర్ అయితే, రెండింట్లో నెమ్మదిదాని వేగానికి సర్దుకుని నడుస్తాయి. ఎప్పుడైనా పొత్తు కుదరకపోతే సిస్టమ్ ఆన్ కాదు, లేదా మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు ఒకటి తీసేయాలి, అంతే.

అపోహ: 3200 వేగం ర్యామ్ అని అమ్మి 1600 ఇచ్చారు. మోసం కాదు. సీపీయూ-జెడ్ లాంటి సాఫ్ట్‌వేర్ అసలు గడియార వేగం చూపిస్తుంది, డీడీఆర్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు డేటా పంపుతుంది. రెండుతో గుణించండి. 2400, 2666 అని వస్తుంటే బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి లేదు, లేదా మీ ప్రాసెసర్, బోర్డు అంతవరకే ఒప్పుకుంటాయి.

8 జీబీ వేస్తే మూడున్నర కూడా రావట్లేదని వచ్చేవాళ్లు ముందు విండోస్ 32 బిట్టా 64 బిట్టా చూసుకోండి. 32 బిట్ అయితే మీరు ఎంత వేసినా 4 జీబీ దాటదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే స్టిక్కులుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ఏ స్లాట్లో మొదలుపెట్టాలో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ స్టిక్ కొంటుంటే షాపువాళ్ల సిస్టమ్‌లో మీ ముందే వేసి చూపించమనండి. ఇంటికొచ్చాక విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడిపించండి.

ఎవరైనా బోర్డు పోయిందంటే, పాత స్టిక్ ఒక్కటే వేసి మీ కళ్ల ముందు ఆన్ చేయమనండి. ర్యామ్ మొత్తం తీసి బీప్ వినిపించమనండి. మొహమాటపడకండి, రెండూ కలిపి ఐదు నిమిషాల పని. అన్నీ చూశాక కూడా మార్చక తప్పదంటే మార్చండి. కానీ తీసేసిన పాత బోర్డు, ప్రాసెసర్ అక్కడ వదలకుండా అడిగి ఇంటికి తెచ్చుకోండి.